వదిన పేరు మీద అల్లిన దుప్పటి

అక్టోబర్ 7, జనగామ

హాస్టల్‌కు తిరిగి వచ్చాను. ట్రంకు పెట్టెలో పుస్తకాలు సర్దుతుంటే అడుగున క్రోషియా సూది దొరికింది. గురుకులంలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు క్రాఫ్టు మేడం ఇచ్చిన సూది. దానితో అల్లిన టీవీ కవరు తండాలో మా ఇంట్లో ఇంకా ఉంది. టీవీ పాడై చాలా కాలమైంది, కవరు మాత్రం తీయలేదు. ఇంటర్‌లో చేరాక సూది ముట్టుకోలేదు. ఇవాళ దారం ముక్కతో గొలుసు కుట్టు వేసి చూశాను. వేళ్లు మర్చిపోలేదు.

తెలుగు సారు రోజూ డైరీ రాయమన్నారు. ఎవరికీ చూపించక్కర్లేదట, అబద్ధం మాత్రం రాయొద్దట.

పసిబిడ్డ కోసం ఒక దుప్పటి అల్లాలనుకుంటున్నాను. ఎవరి బిడ్డ అన్నది రేపు రాస్తాను.

అక్టోబర్ 8

క్లాసులు బాగా జరిగాయి. 'కలవరం' అనే మాట నాకు చాలా నచ్చింది. పలుకుతుంటేనే లోపల ఏదో కదులుతుంది.

అక్టోబర్ 9

మా అమ్మ బిడ్డ.

రాసేశాను. ఇక మిగతాది రాయడం కష్టం కాదు.

దసరాకు గంగారం దాటి అడవి పక్కనున్న మా తండాకు వెళ్లాను. ఎప్పుడూ బస్సు దిగేచోటికి ఎదురొచ్చే యాడి ఈసారి రాలేదు. యాడి అంటే మా భాషలో అమ్మ. జనగామలో నేను అందరి ముందూ అమ్మ అనే అంటాను. ఇంటికి వెళ్తే గడప లోపలే నిలబడి ఉంది, కొంగు నిండుగా కప్పుకొని. చలికాలం రాకముందే చలేంటి అనుకున్నాను.

చెప్పింది దాదీ. మా నాయిన తల్లి. పేరు చాందీ. ఇంట్లో సిగ్గుపడని మనిషి ఆమె ఒక్కతే.

"ఛోరీ, నీకు చెల్లెనో తమ్ముడో వస్తడు. సూడు, ఎట్ల నిలబడ్డదో దొంగ లెక్క."

"ఎవరికి దాదీ?"

"నాకు పుడతడా? నీ యాడికే. ఆరో నెల."

యాడికి ముప్పై తొమ్మిదేళ్లు. నాకు పంతొమ్మిది. అన్నకు పెండ్లయి మూడేళ్లు. నెలసరి ఆగిపోతే వయసు వల్లే అనుకుందట. కడుపులో కదలిక తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. నాయిన కళ్లకు గంతలు కట్టినట్టు తల దించుకుని తిరుగుతున్నాడు. సెలవులన్నీ నేను చదువుకుంటున్నట్టు పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు. యాడి అది గమనించే ఉంటుంది. ఆమెకు చదవడం రాదు గానీ పేజీ తిప్పడం తెలుసు.

దుప్పటి అల్లితే నాకు ఇష్టమే అని ఆమెకు తెలుస్తుంది. నాకు ఇష్టమే. ఇష్టం లేదని ఎవరన్నారు?

అక్టోబర్ 11

ఊలు కొన్నాను. నా క్లాస్‌మేట్ ప్రసూన వాళ్ల దుకాణంలో. లేసులు, గుండీలు, దారాలు, ఊలు అన్నీ అక్కడే దొరుకుతాయి. వాళ్ల నాన్న నర్సింగరావు గారు గల్లా దగ్గర కూర్చుంటారు. ప్రసూన నిచ్చెనెక్కి పై అరల్లోంచి ఊలు ఉండలు కిందికి విసిరింది.

"ఏందే, సదువు బందు పెట్టి అల్లికల పడ్డవ్?"

"పసిబిడ్డ దుప్పటి అల్లాలి."

"ఎవ్వలకే? నీకు తెల్వకుంట నీకే పెండ్లయిందా?"

నర్సింగరావు గారు కూడా నవ్వారు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను ఆలోచించనే లేదు.

"మా వదినకు. భూపాలపల్లిలో ఉంటుంది."

"గట్ల చెప్పరాదు. నాయినా, లేత పసుపు తియ్యి. ఆడపిల్లయినా మొగపిల్లగాడయినా నడుస్తది."

"మెత్తటిది తీస్కపో బిడ్డా, పసిదాని ఒళ్లు గీక్కపోవద్దు," అని నర్సింగరావు గారు తానే ఏరి ఇచ్చారు.

పసుపు, తెలుపు తెచ్చాను.

ఇది పెద్ద అబద్ధమేమీ కాదు. వదిన ఉంది. ఇంట్లో బిడ్డ కూడా పుడుతుంది. నేను కాస్త చోటు మార్చానంతే.

అక్టోబర్ 12

నిన్నటి చివరి వాక్యం మళ్లీ చదివాను. ఎంత తేలికగా రాశానో.

కళావతి వదినకు పిల్లల్లేరు. మూడేళ్లుగా వరంగల్‌లో డాక్టర్ల చుట్టూ తిరుగుతూనే ఉంది. దసరాకు కూడా తండాకు రాలేదు, ఆరోగ్యం బాగాలేదని అన్న చెప్పాడు. ఆమె ఎందుకు రాలేదో అప్పుడు నేను ఆలోచించలేదు.

అక్టోబర్ 18

దీపావళికి ఇంటికి వెళ్లడం లేదు. పండగనాడు మా తండాలో పెండ్లికాని ఆడపిల్లలంతా దీపాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లను పలకరించాలి. చిన్నప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పండగ అది. ఈసారి వెళ్తే ప్రతి గడపలోనూ అదే మాట వినాలి.

యాడికి ఫోన్ చేశాను. మా భాషలో ఆమె అన్న మాటల్ని తెలుగులో రాసుకుంటున్నాను.

"పరీక్షలున్నయి యాడీ."

"పండుగప్పుడు గూడనా?"

"ఆ. చదువుకోవాలి."

ఫోన్‌లో కోళ్ల అరుపు వినబడింది.

"నేను బయటికి రాను బిడ్డా. దీపాలు తిరిగేటప్పుడు లోపల్నే ఉంట. ఎవ్వలకు కనపడ. నువ్వు రావొచ్చు."

నిజంగానే పరీక్షలున్నాయన్నాను. ఆమె మంచిగ చదువుకో అంది.

పరీక్షలు డిసెంబరులో.

అక్టోబర్ 20

హాస్టల్ మేడ మీద అమ్మాయిలు దీపాలు పెట్టారు. నేను కిందే ఉండి అల్లాను. మెత్తగా వస్తోంది. చాలా బాగుంది.

అక్టోబర్ 28

యాడిని మహబూబాబాద్ దవాఖానలో స్కానింగ్‌కు తీసుకెళ్తామని నాయిన ముందే చెప్పాడు. జనగామలో పొద్దున రైలెక్కితే నేను వాళ్ల కంటే ముందే చేరొచ్చు. క్లాసుందన్నాను. క్లాసు ఉన్న మాట నిజమే. అయితే ఆ క్లాసు ఎవరైనా ఎగ్గొట్టేదే.

ఇవాళ దాదీ ఫోన్‌లో ఏం జరిగిందో చెప్పింది. నాయిన దవాఖాన లోపలికి అడుగు పెట్టలేదట. తెలిసినవాళ్లెవరైనా చూస్తారని చాయ్ డబ్బా దగ్గరే నిలబడ్డాడట. యాడికి బోర్డులు చదవరావు. ఏ గదో తెలియక పంటి డాక్టర్ ముందు కూర్చుందట. అతను నోరు తెరవమంటే తెరిచిందట.

దాదీ ఇది నవ్వుతూ చెప్పింది. యాడి కూడా నవ్విందట. నేనూ నవ్వాను.

ఇక్కడ నేను కొత్త మాటలు ఏరుకుని డైరీలో రాసుకుంటున్నాను. అక్కడ మా అమ్మ ఒక గది పేరు చదవలేక నోరు తెరుచుకుని కూర్చుంది.

నవంబర్ 2

దుప్పటి ఇరుకవుతోంది. మొదలుపెట్టిన అంచు వెడల్పుగా, ఇప్పటి అంచు సన్నగా. ప్రతి వరుస చివరా ఆఖరి కుట్టు వదిలేసి మలుపు తిప్పుతున్నాను. అది పక్కకు ఒదిగి ఉంటుంది, దాన్ని వెతికి మరీ అందులో సూది గుచ్చాలి. నాకు అది కనబడలేదు. సగం దాకా విప్పేశాను. విప్పిన ఊలు చిన్నపిల్ల జుట్టులా ఉంగరాలు తిరిగింది.

నవంబర్ 9

యాడి తండా వదిలి భూపాలపల్లికి, అన్న ఇంటికి వెళ్లింది. అన్న ప్రకాశ్ అక్కడ బొగ్గు లారీ నడుపుతాడు. దవాఖాన ఇంటికి దగ్గరే, కాన్పు అక్కడే చేయిద్దామన్నాడట. దాదీ కూడా తోడు వెళ్లింది. నాయిన పత్తి తెంపించాలి, కేసముద్రం మార్కెట్‌కు వేయాలి. అందుకే వెళ్లలేదట. నాకు క్లాసులున్నట్టే ఆయనకు పత్తి ఉంది.

అసలు సంగతి నా తండా స్నేహితురాలు రామి చెప్పింది. బోరింగ్ దగ్గర ఎవరో, "కోడలు కనాల్సినకాడ అత్త కంటున్నది, ఇంటికి ఎవ్వలో ఒకలు కంటే సాలు లే," అన్నారట. యాడి బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసిందట.

ఆ ఒక్క మాట ఇద్దరికీ తగిలింది. ఇప్పుడా ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు.

నవంబర్ 16

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం ప్రసూన హాస్టల్‌కు వచ్చింది. ఊలు తక్కువ పడితే ఇంకో ఉండ తెచ్చింది. నేను చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లాను. నా ఫోన్ మంచం మీద మోగింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి ప్రసూన ఎత్తి, స్పీకర్ పెట్టి మాట్లాడుతోంది.

"వదినా, నేను ప్రసూనను, జమున దోస్తును. మీ దుప్పటికి ఊలు మా దుకాణందే. ఎన్నో నెల వదినా?"

అవతల వదిన. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఫోన్ లాక్కోవచ్చు. లాక్కోలేదు.

తర్వాత వదిన, "దుప్పటా?" అంది.

"అగో, చెప్పలేదా ఇది? పసుపుది, తెల్లది. మస్తుగ అల్లుతున్నది. మాఫ్ చెయ్యి జమునా, నోరు జారిన. చెప్పు వదినా, ఎన్నో నెల?"

"ఏడో నెల," అంది వదిన.

"మంచిగ తింటున్నరా? వాంతులు ఆగినయా?"

"ఆగినయి. ఇప్పుడు మంచిగనే తింటున్న."

"సీమంతం ఎప్పుడు?"

"మా దాంట్ల అది లేదమ్మా. నువ్వు కాన్పు అయినంక రా, బిడ్డను సూస్తువు."

"తప్పకుంట వస్త. పైలం వదినా. బరువులు ఎత్తకుండ్రి."

"ఎత్త."

ఫోన్ నా చేతికి వచ్చేసరికి వదిన పెట్టేసింది. ప్రసూన కళ్లు మెరుస్తున్నాయి. "ఎంత మెత్తగ మాట్లాడిందే మీ వదిన. గొంతులనే తెలుస్తున్నది, సంబురం."

నవంబర్ 17

వదిన ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

నవంబర్ 18

క్షమించమని అడగడానికి మంచి వాక్యం రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు రాశాను. బాగా వచ్చింది. బాగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా. అందుకే చించేశాను.

నవంబర్ 20

వదినే చేసింది.

"జమునా, తిన్నవా?"

"తిన్నాను వదినా. వదినా, ఆ రోజు..."

"అత్తకు కాళ్ల వాపులొచ్చినయి. ఉప్పు తగ్గియ్యమన్నరు. నీ తోని మాట్లాడాలంటది గని ఫోన్ చెయ్యదు. నువ్వు చెయ్యి."

"చేస్తాను. వదినా, నేను నీ పేరు చెప్పాను. సిగ్గేసి చెప్పాను."

"ఎరుకైంది."

"నువ్వు ఎందుకు అవునన్నావు?"

కుక్కర్ కూత వినబడింది. ఆమె వెళ్లి స్టవ్ ఆపి వచ్చినట్టుంది.

"కాదంటే ఆ పిల్ల ముందు నీ ముఖం ఎక్కడ పెట్టుకుంటవ్?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంకోటి గూడ ఉన్నది. నన్ను ఎవ్వలు గట్ల అడగలే, జమునా. ఎన్నో నెల అని. మంచిగ తింటున్నవా అని. అందరు అడిగేది ఇంకోటి. జర సేపు మంచిగనిపించింది."

నేను ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పట్టుకున్నాను.

"అత్తకు చెప్పలే," అంది. "చెప్ప గూడ చెప్ప."

నవంబర్ 21

యాడికి ఫోన్ చేశాను. ఉప్పు తగ్గించమన్నాను. సరే అంది. పరీక్షలు ఎట్ల రాసినవ్ అని అడిగింది.

బాగా రాశానన్నాను.

డిసెంబర్ 7

దుప్పటి పూర్తయింది. అంచులు రెండూ ఒకే కొలత. చుట్టూ తెల్ల ఊలుతో గవ్వల ఆకారంలో అంచు అల్లాను. మా దాదీ తల మీంచి కప్పుకునే ఓఢ్నీకి గవ్వలుంటాయి, అది గుర్తొచ్చి. ప్రసూన చూసి, "మీ వదిన అదృష్టవంతురాలే," అంది.

పరీక్షలు మొదలు. నిజం పరీక్షలు.

డిసెంబర్ 26

పొద్దున వదిన ఫోన్ చేసింది. ఆడపిల్ల. యాడి బాగుంది. రేపు ఆఖరి పరీక్ష రాసి బయల్దేరతాను.

వదిన చేతిలోంచి దాదీ ఫోన్ లాక్కుంది.

"దుప్పటి అల్లినవట. తెస్తవా?"

"తెస్తాను దాదీ. ఉతికి మడత పెట్టి ఉంచాను."

"మడత పెడితే ఎట్ల? కొత్త గుడ్డ పసిదానికి ఏస్తరా మన ఇంట్ల? నువ్వు పుట్టినప్పుడు నా పాత ఓఢ్నీల సుట్టిన్రు. నీ అన్నను నీ తాత కండువల. ఇంటోళ్లు ఎవరన్న కప్పుకొని జర పాతది చెయ్యాలె. అప్పుడే ఆ పిల్లకు ఇంటి వాసన తెలుస్తది."

"మరి ఏం చేయను?"

"నువ్వే కప్పుకొని రా. ఇంటి ఆడపిల్లవు కావా?"

డిసెంబర్ 27, భూపాలపల్లి

దుప్పటి కప్పుకొని జనగామ బస్టాండులో నిలబడ్డాను. పసిబిడ్డ దుప్పటి నా భుజాలు దాటి మోచేతుల దాకే వచ్చింది. అందరూ చూశారు. నర్సంపేట వైపు వెళ్లే ఒక ముసలాయన, "ఏం బిడ్డా, పొట్టిగ అయిందా, ఊలు అయిపోయిందా?" అని అడిగాడు.

ప్రసూన నన్ను బస్సెక్కించడానికి పాలకోవ డబ్బా పట్టుకుని వచ్చింది.

"బిడ్డ కోసం అల్లి నువ్వు ముసుగేసుకున్నవేందే?"

దాదీ చెప్పిన సంగతి చెప్పాను.

"మంచిగుంది. అయితే మీ వదిన కప్పుకోవాలె గద, తల్లి వాసన తెలవాలంటె?"

హనుమకొండ బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పనని తెలుసు.

"వదినకు పుట్టలేదు ప్రసూనా. మా అమ్మకు పుట్టింది."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "మీ అమ్మకా?"

"అవును. నాకు చెల్లెలు. మొదటి నుంచీ అమ్మకే. నాకు సిగ్గేసి వదిన పేరు చెప్పాను."

"మరి ఫోన్ల మాట్లాడింది?"

"వదినే. నా కోసం అవునంది."

"మీ వదినకు..."

"పిల్లల్లేరు."

ప్రసూన ముఖం నేను ఎప్పుడూ చూడని విధంగా మారింది. కోపం నా మీద అనుకున్నాను. కాసేపటికి చూస్తే కళ్లల్లో నీళ్లు.

"నేను ఆమెను వాంతులు ఆగినయా అని అడిగిన జమునా," అంది. "సీమంతం ఎప్పుడు అని అడిగిన."

నేను తల దించుకున్నాను.

"మీ అమ్మ బిడ్డను కంటె నీకేం పోయింది? మా పెద్దమ్మ నలభై రెండేండ్లకు కన్నది. మా నాయిన దుకాణంల అందరికి మిఠాయి పంచిండు." డబ్బా నా చేతిలో పెట్టింది. "ఇది మీ అమ్మకియ్యి. మీ వదినకు నేనేమియ్యాలె? చెప్పు."

కండక్టర్ పిలిచాడు. ఎక్కాను. కిటికీలోంచి చూస్తే ప్రసూన అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తోంది.

పరకాల దాటాక చలి మొదలైంది. దుప్పటి వీపు దాకే ఉంది. పక్క సీటు ఆవిడ ఎవరి కోసమని అడిగింది. మా అమ్మకు ఆడపిల్ల పుట్టిందన్నాను. "అయ్యో, మంచిదే గద," అని నిద్రపోయింది. ఇంతేనా అనిపించింది. ఇన్ని నెలలు నేను దాచింది ఇంతేనా.

వార్డులో నర్సు అడ్డం వచ్చింది.

"పాపకు నువ్వేమైతవ్?"

"అక్కను."

యాడి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన ఆమె పాత చీర ముక్కలో ఎర్రగా, నలిగిన ముఖంతో చిన్న మనిషి. నా అడుగులు విని యాడి మెల్లగా ఇటు తిరిగింది. కొంగు లాక్కుని కడుపు మీద కప్పుకుంది. అలవాటైపోయింది కాబోలు. బిడ్డ బయటికి వచ్చాక కూడా దాచుకుంటోంది.

"యాడీ," అన్నాను. వార్డంతా వినబడేలా.

"పరీక్షలు అయిపోయినయా?"

"ఇవాళ అయిపోయాయి. దీపావళికి లేవు యాడీ. అప్పుడు ఏ పరీక్షలూ లేవు."

"ఎరుకనే," అంది. "కూసో. బస్సుల తిన్నవో లేదో."

దాదీ నా భుజం మీది దుప్పటి అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపింది. గవ్వల అంచు చూసి ఏమీ అనలేదు, కానీ రెండు సార్లు నిమిరింది. తర్వాత పెదవి విరిచింది.

"బస్సుల ఒక్క పూట కప్పుకుంటే పాతదయితదా? ఇంక గరగరగనే ఉన్నది."

"ఇటియ్యి," అని వదిన తీసుకుని తన భుజాల చుట్టూ కప్పుకుంది.

డిసెంబర్ 28

వదినతో చాయ్ తాగడానికి బయటికి వెళ్లాను. ప్రసూనకు నిజం చెప్పేశానని అన్నాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను. నిజం రాస్తున్నాను కదా, అది కూడా రాయాలి.

వదిన గ్లాసు పట్టుకుని ఊదుతూ ఉండిపోయింది.

"చెప్పినవా?"

"చెప్పాను. నీ పేరు మీద అబద్ధం ఉండకూడదని."

"మంచి పని చేసినవ్," అంది. ఊదడం ఆపలేదు. చాయ్ ఎప్పుడో చల్లారింది. "గా పిల్ల ఒక్కతికే నేను కడుపుతోని ఉన్న. ఇప్పుడు ఆమెకు గూడ లేను."

నేను ఆమె పేరు అడక్కుండా తీసుకున్నాను. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా అడగలేదు.

డిసెంబర్ 30

డిశ్చార్జి చేసి అన్న గదికి తెచ్చాం. నాయిన రేపు వస్తాడట. చెల్లెలి పేరు ఇంకా పెట్టలేదు. పొద్దున ఎండ కాసేపు తగలాలని వదిన పాపను ఒళ్లో వేసుకుని గడప ముందు కూర్చుంది. భుజాల మీద పసుపు దుప్పటి. పాప చుట్టూ యాడి పాత చీర.

దారిన పోయే ఒకావిడ ఆగి, "ఎన్ని రోజుల బిడ్డ?" అని అడిగింది. వదిన చెప్పింది. ఎవరి బిడ్డని ఆవిడ అడగలేదు, ఈమె చెప్పలేదు. పాలు సరిపోతున్నాయా అని అడిగితే సరిపోతున్నాయంది.

నేను తలుపు వెనక నిలబడ్డాను. ఈసారి నిజం చెప్పడానికి బయటికి రాలేదు.

మధ్యాహ్నం దాదీ దుప్పటి పట్టుకుని చూసి, "ఇగ సాలు, మెత్తబడ్డది. పిల్లకు కప్పుండ్రి," అంది.

వదిన దాన్ని తీయబోయింది. మంచం మీంచి యాడి, "ఉండనియ్యి," అంది. వదిన వైపు చూడలేదు, పాపకు పాలిస్తూ ఉంది. "ఇంక కొత్తగనే ఉన్నది. ఇంకొన్ని దినాలు కప్పుకోనియ్యి."

దాదీ నోరు తెరిచి నా వైపు చూసింది. నేను దుప్పటి అంచు పట్టి చూశాను. చాలా మెత్తగా ఉంది.

"అవును దాదీ," అన్నాను. "ఇంకా కొత్తగానే ఉంది."